తడి ఆరిన సీసా

దోర్నాల కూడలిలో బస్సు దిగి, శ్రీశైలం రోడ్డు మొదట్లో ఉన్న హోటల్లో గోలీ సోడా అడిగాను. ఈ మధ్య అవి మళ్ళీ వచ్చాయి. కొత్త గాజు, కొత్త రంగులు, పొట్ట చుట్టూ అంటించిన కాగితం మీద నిమ్మకాయ బొమ్మ. హోటలామె ఐసు నీళ్ళలోంచి సీసా తీసి గోలీని లోపలికి నొక్కింది. కీచుమని చప్పుడు లేచింది. దాని వెనకే గ్యాసు బుస్సుమంది. ఆ ఘాటు ముక్కుకు తగిలీ తగలకముందే నా కుడిచేతి బొటనవేలు తనంతట తాను సీసా భుజం మీదికి పోయి తడిమింది. అంతా నున్నగా ఉంది. ఉంటుందని నాకు తెలుసు. అయినా సోడా తాగేసి, సీసాను బల్ల మీద ఎండ పడేచోట నిలబెట్టి కూర్చున్నాను.

"తాగేసినావు గదా పెద్దాయనా, సీసా ఇయ్యి" అంది హోటలామె.

"ఆరనీ అమ్మా."

"ఆరితే ఏమొస్తాది?" అని నవ్వుకుంటూ దోసె తిప్పడానికి పోయింది.

ఆరితే ఏమొస్తుందో నాకు నేర్పింది గాలెమ్మ. ఆమె మార్కాపురంలో మా సోడా కార్ఖానాలో ముప్పై ఏళ్ళు సీసాలు కడిగింది. కార్ఖానా పెట్టింది మా తాత. గిద్దలూరు మొదలు పొదిలి దాకా పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ మా సీసాలే పోయేవి. మా ఇంటి ముందు చెప్పులు విడవకుండా నడిచినవాళ్ళు లేరని మా నాయన చెప్పేవాడు. తర్వాత ఇనుప మూతల రంగు పానీయాలు వచ్చాయి. మా సోడా మూలబడింది. పెదనాన్నల పంపకాల్లో కార్ఖానా పోయింది, ఆ వెనక ఇల్లూ పోయింది. నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, పలకల వ్యాపారుల వీధి వెనక రెండు గదుల్లో అద్దెకు కుదిరాను. పోయినవి పోగా నాకు మిగిలింది నిటారుగా నడవడం ఒక్కటే. మా ఇల్లు కొన్నాయన ఎదురైనప్పుడు ఇంకొంచెం నిటారుగా నడిచేవాణ్ణి.

నలభై దాటాక పాత సోడా సీసాలు పోగుచేయడం మొదలుపెట్టాను. దాన్ని సరదా అని చెప్పుకున్నాను కానీ సరదా కాదు. ఈ ప్రాంతంలో మొట్టమొదట సోడా కొట్టింది మా తాతేనని రుజువు చేయాలన్నది నా పట్టుదల. కంభంలో, గిద్దలూరులో పాత సామాన్ల దుకాణాలు గాలించి, దొరికిన ప్రతి సీసా మెడకూ దారంతో ఒక చీటీ కట్టేవాణ్ణి. ఎవరి సీసా, ఎప్పటిది అన్నది అందులో ఉండేది. సీసా మీద పోతపోసిన అక్షరాలే నాకు ఆధారం. మా ప్రాంతం ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. అందుకని సీసా మీద కర్నూలు జిల్లా అని ఉంటే పాతది, లేకుంటే కొత్తది. ఇంత తేలికైన లెక్క ఇంకెవరికీ తట్టలేదని మురిసిపోయేవాణ్ణి.

జిల్లా పేరు తప్ప మిగతా అక్షరాలు అరిగిపోయిన ఒక సీసా ఎవరిదో తేలక, తువాలులో చుట్టుకొని మొదటిసారి గాలెమ్మ ఇంటికి వెళ్ళాను. కార్ఖానా మూతపడ్డాక మా ఇంటివాళ్ళెవరూ ఆమె గడప దగ్గరికి పోలేదు. ఆమె వేరుశనక్కాయలు వలుస్తోంది. లేచి, నులకమంచం మీది చాట తీసి, నన్ను కూర్చోమంది. మా ఊళ్ళో వయసును బట్టి దారినపోయేవాళ్ళనైనా అత్తా, మామా, అవ్వా అని పిలుస్తారు. మేము మాత్రం పనివాళ్ళను పేరుతోనే పిలిచాం. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దదైన మనిషిని "గాలెమ్మా, ఇది చూడు" అన్నాను.

ఆమె సీసా చేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకుంది.

"కండ్లతో చూస్తే గాజు మోసం చేస్తాది నాయనా. వేలు పెట్టి చూడాల" అని, బొటనవేలిని మెడ నుంచి అడుగుదాకా నడిపించింది. "ఇది మీదే. అన్నిటికంటే కడాన తెప్పించిన బండిలోది. నువ్వు బడికి పొయ్యేటప్పుడు వచ్చినాయి."

"కర్నూలు జిల్లా అని ఉంది కదా, అంతకన్నా పాతదేమో."

"జిల్లా మారిందని సీసాలు పగలగొట్టినామా? ఆ పేరు మీదనే ఇంకా ఇరవై ఏండ్లు నింపినాము. కొత్తవి పోయించినప్పుడు గూడా పాత అచ్చులోనే పోయించినాడు మీ నాయన, అచ్చు మార్చేదానికి బద్ధకమై. పేరును బట్టి వయసు చెప్తావా? నీ సైకిలు మీద మీ నాయన పేరు రాసుంటే దానెక్కినోడు మీ నాయనేనా?"

నాకు కోపం వచ్చింది. కోపంతోనే వారం తిరక్కుండా ఇంకో నాలుగు సీసాలు పట్టుకుపోయాను.

అట్లా రెండేళ్ళు నడిచింది. ప్రతి ఆదివారం ఉదయం నేను ఆమె వాకిట్లో ఉండేవాణ్ణి. సీసా పక్కన అతుకు గీత మూతిదాకా పోతే తర్వాతి కాలపుదనీ, మెడ దగ్గరే ఆగిపోతే మూతిని విడిగా చేత్తో అతికిన పాతదనీ ఆమె వేలితో చూపించింది. గాజులో చిక్కుకున్న గాలి బుడగల్ని లెక్కపెట్టకు, అవి ఎటు సాగినాయో చూడు అనేది. బావిలోనో మట్టిలోనో ఏళ్ళ తరబడి పడి ఉన్న సీసా మీద నెమలి మెడ రంగులు తేలతాయి, అది వయసు వల్ల కాదు, మట్టి వల్ల అని చెప్పింది. అన్నిటికంటే ముఖ్యం అడుగు. పెట్టెల్లో, బండి మీద, తొట్టి గట్టు మీద జరిగి జరిగి సీసా అడుగు అంచు అరుగుతుంది. ఎన్నేళ్ళు పనిచేసిందో ఆ అరుగుదలే చెబుతుంది.

నేను సీసాను ఎత్తి పట్టుకుని చూస్తుంటే ఆమెకు నవ్వొచ్చేది. "నేల మీద పెట్టి, ఎట్ల ఊగుతాదో వంగి చూడు నాయనా. మీ ఇంట్లో ఎవురికీ ఎన్ను వంచేది రాదు. అందుకే మీ సీసాల అడుగు మీరెవురూ చూడల్యా."

ఇంకెవరైనా ఆ మాట అనివుంటే లేచి వచ్చేసేవాణ్ణి. వంగాను. నిజంగానే కొన్ని ఊగాయి, కొన్ని ఊగలేదు. నా చీటీల్లో సగానికి పైగా తప్పులే అని ఆ వేసవిలో తేలింది. అన్నీ విప్పి, ఆమె చెబుతుంటే మళ్ళీ రాశాను. నా జీవితంలో ఎవరి ముందైనా తప్పు ఒప్పుకుని దిద్దుకున్న కాలం అదొక్కటే. అదే నాకు చదువు అయింది. ఆఫీసులో ఇన్నేళ్ళు కాగితాలు చూసినా, కాగితం మీద ఉన్నది వేరు, జరిగింది వేరు అని నాకు ఎవరూ చెప్పలేదు.

నా దగ్గర ఒక సీసా ఉండేది. దాన్ని చివరికి చూపించాలని దాచుకున్నాను. మా కార్ఖానా కొట్టు ఖాళీ చేసినప్పుడు పాత గోనెల కింద, దుమ్మూ జిడ్డూ పట్టి దొరికింది; కడగకుండా అట్లాగే ఉంచాను. మందమైన గాజు, చెరువు పాచి రంగు, మెడ దగ్గరే ఆగిన అతుకు. దాని మీద పేరు లేదు. అడుగున మాత్రం చిన్న త్రిశూలం పోతపోసి ఉంది. మా తాత పేరు అచ్చు చేయించుకోకముందు, శ్రీశైలం మల్లన్నకు మొక్కుకుని నింపిన తొలి సీసా ఇదేనని నేను తీర్మానించుకున్నాను. గాలెమ్మ నోట ఆ మాట వినాలని ఒక ఆదివారం తీసుకెళ్ళాను.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. సిమెంటు తొట్టి దగ్గరికి తీసుకుపోయి, లోపలా బయటా కడిగి, పిట్టగోడ మీద ఎండలో పెట్టింది.

"కూచో. ఆరనీ."

నీళ్ళు కారినంతసేపు సీసా మచ్చలేకుండా మెరిసింది. ఆరుతున్న కొద్దీ భుజం మీద రెండు వేళ్ళ వెడల్పున తెల్లటి మసక పైకి తేలింది, చలికాలం అద్దం మీద ఊపిరి వదిలినట్టు. నేను తువాలుతో తుడవబోయాను. పోలేదు. వేలు పెడితే గరుగ్గా తగిలింది.

"తడిగా ఉన్నంతసేపు అన్ని సీసాలూ ఒకటే నాయనా. ఆరినాక చూడాల" అంది. "అంగట్లో సీసా ఎప్పుడూ తడిమీదనే ఉంటాది గదా. తాగేటోనికి కనపడదు. కడిగి ఆరబెట్టేటోళ్ళకే కనపడతాది."

"ఏమిటది?"

"పేరు. పేరుండిన తావు. పలకల కార్ఖానాలో రాయి మీద ఇసుక, నీళ్ళు పోసి పలకలు నున్నగ చేస్తారు గదా, అట్ల అరగదీసినారు. అడుగున ఉండేది ఎవరూ చూడరని దాని జోలికి పోలేదు."

"ఎవరి పేరు?"

"మా నాయనది. బాలవీరయ్య. దోర్నాల్లో, కొండకు పొయ్యే రోడ్డు మొదట్లో, చింతకొమ్మలు పరిచిన పందిరి కింద సోడా కొట్టేవాడు. చదువు రానోళ్ళు గూడ గుర్తుపట్టాలని త్రిశూలం పోయించుకున్నాడు." నా ముఖం చూసి ఆమె పెదవి కొంచెం వంకర తిరిగింది. "మీ తాత అడ్డనామాలాయన కాదు గదా నాయనా. నొసట నిలువు నామం లేకుండ గడప దాటేవాడు కాదు. ఆయన త్రిశూలం పెట్టుకుంటాడా?"

నాకది ఎన్నడూ తట్టలేదు. ఆమె మిగతాది చెప్పింది. శివరాత్రికి కొండకు పోయే జనం సీసాలు ఒకచోట కొని ఇంకోచోట పడేసేవాళ్ళు. తిరునాళ్ళు అయిపోయాక సోడా వాళ్ళంతా తమ దగ్గర చేరిన పరాయి సీసాల్ని ఏరి, పేరు చూసి, గోనెల్లో కట్టి ఎవరివి వాళ్ళకు పంపేవాళ్ళు. అది రాతకోతలు లేని కట్టుబాటు. ఒక ఏడాది అందరి సీసాలూ తిరిగొచ్చాయి, బాలవీరయ్యవి తప్ప. అవి మా గోదాములో చేరాయి. ఆ రోజుల్లో కొత్త సీసాలు ఎక్కడో దూరం నుంచి రైల్లో రావాలి, చిన్న వ్యాపారి అడిగితే వచ్చేవి కావు. ఆ ఏటితో బాలవీరయ్య పందిరి ఎత్తేశాడు.

విన్నంతసేపూ నా వెన్ను బిగుసుకుంటూనే ఉంది. చివరికి నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "సీసాలే గదా గాలెమ్మా."

"ఔ, సీసాలే" అంది ఆమె. "సీసా లేకుంటే సోడా యాడ పోస్తాడు నాయనా, దోసిట్లోనా?"

నేను తల తిప్పుకున్నాను. ఆ సంగతి ఆమెకెప్పుడు తెలిసిందని అడిగాను.

"పనిలో చేరిన వారానికే. తొట్లో చేయి పెడితే తగిలింది. ఆ సీసాలకు మెడ కాడ ఎడమ నొక్కు లోతెక్కువ. చిన్నప్పుడు కడిగింది నేనే గదా."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పాల? మీ తాతకా?" అని, శనక్కాయల చాట ఒళ్ళోకి లాక్కుంది. "చేతికొచ్చినప్పుడల్లా ఇంకో చెంబు నీళ్ళు ఎక్కువ పోసి కడిగేదాన్ని. ఇంటి మనిషి కనపడినట్టుండేది. ఒక్కొక్కటే పగిలిపోయినాయి. ఇది మిగిలింది." చాట మీంచి తలెత్తి అంది: "నువ్వు చీటీలు రాస్తావు గదా. దీనికి రాసేటప్పుడు మా నాయన పేరు రాయి. నాకింకేం వద్దు."

"రాస్తాను" అన్నాను.

ఆ మరుసటి ఏడు ఒక కాలేజీ వాళ్ళు మా ప్రాంతపు పాత వస్తువులతో ప్రదర్శన పెడుతూ, నా సీసాలు అడిగారు. మా తాత పేరు మళ్ళీ పదిమంది నోట పడుతుందని నా గుండె ఉప్పొంగింది. అట్టముక్కలు కోసి, నల్లసిరాతో చీటీలు రాశాను. త్రిశూలం సీసాకు మొదట ఉన్నదున్నట్టు రాశాను: బాలవీరయ్య, దోర్నాల, పేరును ఆ తర్వాత అరగదీశారు. రాసి చదువుకున్నాను. అరగదీసిందెవరని చూసేవాళ్ళు అడుగుతారు. మా ఇల్లు కొన్నాయన కూడా వస్తాడు, చదువుతాడు, నవ్వుకుంటూ పోతాడు. ఆ అట్టను చింపేశాను. ఇంకోదాని మీద మా తాత పేరు రాసి, ఈ ప్రాంతపు తొలి సోడా సీసా అని కింద గీత గీశాను. ప్రదర్శన అయిపోయాక సరిగ్గా రాసుకోవచ్చులే అనుకున్నాను.

గాలెమ్మ వస్తుందని నేననుకోలేదు. రెండో రోజు మధ్యాహ్నం పచ్చంచు చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని ఒక్కతే వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, నేను చెప్పకుండానే నేరుగా ఆ సీసా దగ్గరికి నడిచింది. చుట్టూ ఎవరూ లేరు. చీటీ వైపు చూసింది. ఆమెకు చదువు రాదు.

"ఏం రాసినావు నాయనా?"

నేను చీటీ మీద చూపు నిలిపి చదివాను. "దోర్నాల బాలవీరయ్య గారి సోడా సీసా."

"గారు అని రాసినావా" అంది మెల్లగా. తర్వాత, "యాడ? పేరు యాడుందో వేలు పెట్టి చూపియ్యి."

చూపించాను. మా తాత పేరు మీద వేలు పెట్టి చూపించాను. ఆమె చేతిని చీర చెంగుకు తుడుచుకుని, ముప్పై ఏళ్ళు సోడా నీళ్ళలో నాని గోరు అరిగిపోయిన ఆ బొటనవేలిని మా తాత పేరు మీద ఆనించి, సీసాను తడిమినట్టే, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నడిపించింది. అట్ట మీద సిరా వేలికి ఏమీ చెప్పదు. ఆ చేయి నా చేతి పక్కనే ఉంది. అప్పుడైనా నిజం చెప్పడానికి నాకు సమయం ఉంది. ఆమె తృప్తిగా నన్ను చూసి, వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం ఏమీ జరగనట్టే ఒక సీసా పట్టుకుని ఆమె ఇంటికి పోయాను. వాకిట్లో ఆమె మనవరాలు సుజాత ఉంది. డిగ్రీ చదువుతోంది, హాస్టలు నుంచి వచ్చింది. నన్ను చూడగానే లోపలికి వెళ్ళిపోయింది. మంచం వేయలేదు. గాలెమ్మ నా చేతిలో సీసా తీసుకుని, తొట్టిలో ముంచి, కడిగి, తడితడిగానే నా చేతిలో పెట్టింది.

"తీస్కపో నాయనా. తడిమీద బాగుంటాది."

"సుజాతను ప్రదర్శనకు తీసుకుపోయావా?" అన్నాను.

"తీస్కపోయినా. మా నాయన పేరు చూపిస్తామని." ఆమె గొంతులో కోపం లేదు. "మీ తాత అరగదీసినప్పుడు నన్నెవరూ అడగల్యా. నువ్వు, నా వేలు పట్టి అరగదీయించినావు."

సీసా నుంచి నీళ్ళు నా చొక్కా మీద కారాయి. చీటీ ఇప్పుడే మారుస్తానన్నాను. ఆమె శనక్కాయలు వలవడంలో పడింది. తెల్లారి ఉదయమే కాలేజీకి వెళ్ళాను. ప్రదర్శన ముగిసి బల్లలు సర్దేస్తున్నారు. సీసాలు పెట్టెల్లో కట్టి ఇచ్చారు. ఎవరూ చదవని చోట చీటీలో పేరు మార్చాను.

ఆ తర్వాత గాలెమ్మ నా సీసా ఒక్కటీ పట్టి చూడలేదు. దారిలో ఎదురైతే "బాగుండావా నాయనా" అనేది. అంతే. రెండేళ్ళకు పోయింది. కబురు అందేసరికి తీసుకుపోతున్నారు. వీధి మలుపులో నిలబడ్డాను. ఆమె ఒక్కసారైనా క్షమించానని అనివుంటే నాకు తేలికయ్యేదేమో. అది అడిగే హక్కు కోసమైనా నేను ముందుగా అత్తా అని పిలిచి ఉండాలి. పిలవలేదు.

కర్మలన్నీ అయ్యాక ఆ సీసాను, కొత్త చీటీతో, సుజాతకు ఇవ్వబోయాను. ఆ అమ్మాయి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మాకొద్దు పెద్దాయనా. మీరు తెచ్చిస్తారని అవ్వ ముందే అనింది, తీసుకోవద్దనింది. ముత్తాత పేరు మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనిది బయటోళ్ళకే. ఆ సీసా మీ ఇంట్లో ఉంటేనే దానికి పని అనింది."

అప్పటినుంచి అది నా కిటికీలో ఎండకు నిలబడి ఉంది. తడి తగలనివ్వను. వచ్చినవాళ్ళు ఆ తెల్ల మరక ఏమిటని అడుగుతారు. మొదట్లో గాజు లోపమని చెప్పేవాణ్ణి. తర్వాత ఒకరిద్దరికి, అదీ గొంతు తగ్గించి, బాలవీరయ్య పేరు చెప్పాను. ఆ పేరు తీసేసిందెవరో మాత్రం ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఆ మాట కొండ రోడ్డు మొదట్లోనే మొదటిసారి అనాలని ఈ ఉదయం బస్సెక్కాను.

బల్ల మీద కొత్త సీసా ఆరింది. ఎక్కడా మసక లేదు. హోటలామె చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఆరింది గదా. ఏం కనపడింది పెద్దాయనా?"

"ఇక్కడే ఎక్కడో, పందిరి కింద, బాలవీరయ్య అనే ఆయన సోడా కొట్టేవాడమ్మా. చాలా ఏళ్ళ కిందట."

"మేమెరగం. మీ చుట్టమా?"

"కాదు. ఆయన సీసాలన్నీ మా తాత ఉంచేసుకున్నాడు. పేర్లు అరగదీయించాడు. ఆయన మళ్ళీ సోడా కొట్టలేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఇంత చిన్న సంగతికి ఈ ముసలాయన ఇంత దూరం ఎందుకొచ్చాడో ఆమెకు అంతుపట్టలేదు. నన్ను ఓదార్చాలనే అనుకుంటాను, అంది:

"సీసాలే గదా పెద్దాయనా."

జవాబు నాకు తెలుసు. అది గాలెమ్మది, నాది కాదు. ఖాళీ సీసా కోసం ఆమె చాచిన అరచేయి పిండీ నూనే అంటి నా ముందు ఉంది. లేచి, వంగి, ఆరిన సీసాను అందులో పెట్టాను.